నేర్పించండి, కానీ ఆయన్ను తప్పుపట్టకండి

డెబ్బై దాటిన మీ నాన్నగారికి బ్యాంకు పనులన్నీ ఫోనులో చేసుకోవడం ఎలా నేర్పించాలని అడిగారు. తప్పకుండా నేర్పించండి. అయితే ఆయనకు రాకపోతే అది ఆయన లోపమని మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. ఎందుకంటున్నానో చెబుతాను.

మా నాయన గుంతకల్లులో రైల్వే గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయిన తర్వాత వచ్చే ఫ్యామిలీ పెన్షనే 76 ఏళ్ల మా అమ్మకు ఆధారం. అది ఆగకుండా రావాలంటే తాను బతికే ఉన్నానని ఏటా నవంబరులో రుజువు చూపాలి. అందుకోసం రెండేళ్ల కిందట ఉరవకొండ దగ్గరి మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కించి ఆమెను అనంతపురం తీసుకువచ్చాను. బ్యాంకులో ఆమె బొటనవేలు పెడితే వేలిముద్ర యంత్రం తీసుకోలేదు, చూపుడువేలు పెట్టినా తీసుకోలేదు, చివరికి పది వేళ్లూ అయిపోయాయి. చేతులు కడుక్కుని రమ్మన్నారు. కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తలకున్న కొబ్బరినూనె కాస్త వేలికి అద్దుకుని మళ్లీ పెట్టింది. అయినా పడలేదు. వెనకనున్న వాళ్లు విసుక్కుంటుంటే అమ్మ తన అరచేతులను తిప్పి చూసుకుని, "నా చేతులకేమైందిరా నాయనా?" అని అడిగింది.

వాటికేమైందో నాకు తెలుసు. నలభై ఏళ్లపాటు ప్రతి ఎండాకాలం విత్తనానికని బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలిచిన చేతులవి. రెండు వేళ్ల మధ్య కాయను నొక్కి పగలగొట్టీ పగలగొట్టీ ఆ గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మా జిల్లాలో వేరుశనగ పండించిన ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ల వేళ్లు ఇలాగే ఉంటాయి, చౌకదుకాణంలో వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషను దగ్గర కూడా వాళ్లకు ఇదే అవస్థ. ఇందులో నేర్చుకోవలసినది ఏముంది?

కాగితం మీద సంతకం చేసిచ్చే పాత పద్ధతి ఇంకా చెల్లుతుందని ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేదు. 70 ఏళ్లు దాటినవారి లైఫ్ సర్టిఫికెట్‌ను, అంటే బతికే ఉన్నారన్న ఆ రుజువును, ఇంటి వద్దనే తీసుకునే ఏర్పాటు చేయాలని రిజర్వ్ బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు సూచించిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీ నాన్నగారి తరఫున ఈ సంగతి ప్రస్తావిస్తూ మేనేజరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. నోటిమాటగా అడిగితే పని జరగదు.

నన్ను ఇంకా బాధించేది మరొకటి ఉంది. అమ్మ ఖాతాకు నా ఫోను నంబరే ఇచ్చాము కాబట్టి ఓటీపీలతో పాటు ఆమె డబ్బు సంగతులన్నీ నాకే వస్తాయి. ఒకప్పుడు పోపులడబ్బాలో దాచుకుని, ఎవరికీ లెక్క చెప్పకుండా మనవరాలి చేతిలో పెట్టిన మనిషి, ఇప్పుడు పెన్షన్ పడిందో లేదో తెలుసుకోవడానికి కూడా కొడుకుకే ఫోను చేయాలి. అందుకే పాస్‌బుక్కులో ప్రతి నెలా ఎంట్రీలు వేయించి ఆమె చేతికే ఇస్తున్నాను. మీరూ ఆ ఒక్కటి మానకండి.

మరుసటి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం మేము పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికి పిలిపించుకున్నాము. రుసుము 70 రూపాయలు. వేలిముద్ర అడగకుండా ఫోనును ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుని, "అవ్వా, ఒక్కసారి రెప్పలు ఆర్పు" అన్నాడు. అమ్మ అరుగు మీద నుంచి లేవకుండానే పని పూర్తయింది.