వెన్నులో కణితి: ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మకు 58 ఏళ్లు, షుగర్ ఉంది. కొన్ని నెలలుగా నడుస్తుంటే కాళ్లు బిగుసుకుపోతున్నాయి, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. షుగర్ తిమ్మిర్లనుకున్నాం. ఎంఆర్‌ఐలో వీపు భాగంలో వెన్నుపామును నొక్కుతున్న మెనింజియోమా ఉందన్నారు. ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయని బంధువులు భయపెడుతున్నారు. మందులు సరిపోవా?

జవాబు: మీ అమ్మగారి కాళ్లకు ఆపరేషన్ కన్నా ఆలస్యం వల్లే ఎక్కువ ముప్పు. మెనింజియోమా వెన్నుపామును కప్పి ఉండే పొరల్లో పుట్టే అరుదైన కణితి. మధ్యవయసు దాటిన స్త్రీలలో, అదీ వీపు భాగంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. చాలావరకు క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది. అయితే వెన్నెముక లోపలి దారి ఇరుకైనది కావడంతో, కణితి ఎంత నిదానంగా పెరిగినా చివరకు నలిగేది వెన్నుపామే. దీన్ని కరిగించే మందు లేదు. స్టెరాయిడ్లు వాపును కొన్నాళ్లు తగ్గించినా, షుగర్‌ను పెంచుతాయి.

చెప్పు జారినా తెలియకపోవడం షుగర్ వల్ల కూడా జరుగుతుంది, అందుకే చాలామంది ఇక్కడే పొరబడతారు. కానీ షుగర్ తిమ్మిర్లలో కాళ్లు సాధారణంగా ఇలా బిగుసుకుపోవు. ఆ బిగుతు వెన్నుపాము మీద ఒత్తిడికి గుర్తు.

ఆపరేషన్‌లో రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేతో సరైన పూసను లెక్కించి నిర్ధారించుకున్నాక, దాని వెనుక ఎముకను కొంత తొలగించి, మైక్రోస్కోప్ కింద పొరను తెరుస్తారు. కణితిని ఒక్కసారిగా లాగరు. ముందు లోపలి నుంచి తొలిచి బోలుగా చేసి, మిగిలిన గోడలను వెన్నుపాముకు దూరంగా మడుస్తూ తీస్తారు. కాళ్లకు వెళ్లే సంకేతాలను ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గమనించే యంత్రాలు నేడు ఉన్నాయి. ఇవేవీ లేని 1887లోనే లండన్‌లో విక్టర్ హార్స్లీ, నడవలేని స్థితికి చేరిన ఒక రోగి వెన్నులోని ఇలాంటి కణితిని తొలగించగా, ఆయన మళ్లీ నడిచారు.

ప్రమాదం అసలే లేదని చెప్పను. కొందరిలో బలహీనత కొంతకాలం పెరగవచ్చు. గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చినా వెంటనే చెప్పాలి. కణితి వెన్నుపాముకు ముందువైపు ఉన్నా, సున్నంలా గట్టిపడినా పని కష్టమవుతుంది కాబట్టి, మీ సర్జన్‌ను ఈ రెండూ తప్పక అడగండి. తీసిన ముక్కను బయాప్సీకి పంపుతారు. కణితి తిరిగి వచ్చే అవకాశం కొద్దిగా ఉన్నందున, తర్వాత కూడా అప్పుడప్పుడూ ఎంఆర్‌ఐ అవసరం.

అమ్మగారు ఇప్పుడు సొంతంగా నడుస్తున్నారు. ఆ బలం ఉండగానే చేయించడం మేలు, ఎందుకంటే ఆపరేషన్ నాటికి కాళ్లలో ఎంత శక్తి మిగిలి ఉంటే కోలుకోవడం అంత బాగుంటుంది. షుగర్‌ను అదుపులోకి తెచ్చుకొని తేదీ తీసుకోండి. ఈలోగా మూత్రం ఆగిపోయినా, కాళ్లు హఠాత్తుగా బలహీనపడినా ఆ తేదీ కోసం ఆగకుండా, అదే రోజు గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌కు గానీ, న్యూరోసర్జన్ అందుబాటులో ఉన్న మరో ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి.