ఆయన పేరున ట్రస్టు పెట్టాలని ఉంది, ప్రెస్ కూడా ఆగకూడదు: ఏం చేయాలి?

ప్రశ్న: మా వారు 26 ఏళ్లు సొంతంగా ప్రింటింగ్ ప్రెస్ నడిపారు. ఐదు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. టర్మ్ పాలసీ నుంచి నామినీగా నాకు 60 లక్షలు వచ్చాయి. ఆయన పేరు మీద 8 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి. ప్రెస్ మీద బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (వ్యాపారం నడపడానికి వాడుకునే అప్పు) బాకీ 14 లక్షలు, దానికి నేను హామీ సంతకం పెట్టాను. పేపరు సప్లయర్లకు 7 లక్షలు ఇవ్వాలి, కస్టమర్ల నుంచి 11 లక్షలు రావాలి. ఇల్లు నా పేరు మీద ఉంది, దాని మీద అప్పు లేదు. నాకు 52 ఏళ్లు. అత్తగారు మాతోనే ఉంటారు. అబ్బాయి ఉద్యోగం చేస్తూ ఇంటికి నెలకు 15 వేలు ఇస్తున్నాడు. అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది తమ పిల్లల పరీక్ష ఫీజులు మా వారే కట్టారని చెప్పారు. మాకెవరికీ తెలియదు. అందుకే మొదటి వర్ధంతి నాటికి 25 లక్షలతో ఆయన పేరున ట్రస్టు పెట్టాలనుకుంటున్నాం. ప్రెస్ మూతపడకూడదని అబ్బాయి ఉద్యోగం మానేస్తానంటున్నాడు. మీ సలహా కావాలి.

జవాబు: అమ్మా, మీరు రాసిన అంకెలు చదువుతుంటే ఆయన ఎలాంటి మనిషో తెలుస్తోంది. సొంత వ్యాపారం చేసేవాళ్లు డబ్బు ఇరుకున పడినప్పుడు మొదట తాకట్టు పెట్టేది ఇల్లే. ఆయన ఆ పని చేయలేదు. ఇల్లు మీ పేరున ఉంచారు, దాని మీద అప్పు లేకుండా చూశారు. వ్యాపారంలో లాభం వచ్చిన ఏడాదీ రాని ఏడాదీ పాలసీ ప్రీమియం కట్టారు. అంటే ఇంటి డబ్బు వేరు, ప్రెస్ డబ్బు వేరు అని గీత గీసుకుని బతికారు. ఇప్పుడు మీరు తీసుకోబోయే నిర్ణయాల్లో ఆ గీత చెరిగిపోకూడదన్నదే నా సలహా. పాలసీ సొమ్ము ఇంటిది. ఆయన పేరున ఏం చేసినా ప్రెస్ మిగిల్చిన దాంట్లోంచి చేయండి.

అయితే ఆ గీత ఒక్కచోట తెగి ఉంది. అది మీ హామీ సంతకం. మామూలుగా చనిపోయినవారి అప్పుకు వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత డబ్బు కట్టనక్కర్లేదు. హామీదారు సంగతి అలా కాదు. భారత కాంట్రాక్టు చట్టం (1872) ప్రకారం అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో హామీ ఇచ్చినవారికీ అంతే. బ్యాంకు నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. కాబట్టి అన్నిటికన్నా ముందు ఈ 14 లక్షలు తీరాలి. ఎఫ్‌డీల 8 లక్షలు దీనికే వాడండి. మిగతా 6 లక్షలు పాలసీ డబ్బులోంచి కట్టేయండి. క్యాష్ క్రెడిట్ మీద పడే వడ్డీ, మీ డిపాజిట్ మీద వచ్చే వడ్డీకన్నా ఎక్కువే ఉంటుంది కనుక ఆలస్యం చేసిన కొద్దీ నష్టం. కాకపోతే ఆ 6 లక్షలు ప్రెస్ మీకు బాకీ ఉన్నట్టు కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు చేయండి. బాకీలు వసూలైనప్పుడు, యంత్రాలు అమ్మినప్పుడు సప్లయర్లకు, పనివాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చాక ముందు ఆ సొమ్ము మీకు తిరిగి రావాలి. అప్పు తీరాక నో డ్యూస్ సర్టిఫికెట్‌తో (బాకీ లేదన్న పత్రంతో) పాటు మీ హామీ రద్దయినట్టు కూడా బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు.

నలుగురూ అన్నాను కదా, ఆ నాలుగో మనిషి మీ అత్తగారు. మీకు హిందూ వారసత్వ చట్టం (1956) వర్తిస్తుందనుకుంటే, వీలునామా లేనప్పుడు ఆయన స్వార్జితంలో మీకు, అబ్బాయికి, అమ్మాయికి, ఆయన తల్లికి సమాన వాటాలు. ఎఫ్‌డీలకు నామినీ ఎవరైనా సరే, నామినీ ఆ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వాటాలు వారసులవి. అప్పులు తీరాక మిగిలినదే పంపకానికి వస్తుంది. పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్కలన్నీ చెప్పండి. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఆ మర్యాద దక్కాలి, చట్టం కూడా అదే అంటోంది. పాలసీ సొమ్ము సంగతి కాస్త వేరు. 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ము మీద వాళ్లకే హక్కు ఉండేలా బీమా చట్టాన్ని మార్చారు. అయినా తర్వాత మాట రాకుండా, ఆ డబ్బు మీదేనని అందరూ ఒప్పుకున్నట్టు ఒక ఒప్పంద పత్రం రాయించుకోవడం మంచిది.

ఇప్పుడు ట్రస్టు లెక్క. 60 లక్షల్లో బ్యాంకుకు 6 లక్షలు పోగా 54. అమ్మాయి డిగ్రీకి, పై చదువుకు 8 లక్షలు పక్కన పెడదాం. అత్తగారి వైద్యం, ఇతర అత్యవసరాలకు 4 లక్షలు. మిగిలింది 42 లక్షలు. దీని మీద ఏడాదికి 7 శాతం వస్తుందనుకుంటే నెలకు 24,500. అబ్బాయి ఇచ్చే 15 వేలు కలిపితే 39,500. మీ ఖర్చు 45 వేలు. ఇంకా 5,500 తక్కువే. ఇందులోంచి 25 లక్షలు ట్రస్టుకు ఇస్తే మిగిలే 17 లక్షల మీద నెలకు సుమారు 9,900 వస్తుంది. అబ్బాయి ఉద్యోగం కూడా మానేస్తే ఆ ఇల్లు ఎలా నడుస్తుందమ్మా? మీకు 52 ఏళ్లే. ఇంకో మూడు దశాబ్దాలకు పైగా ఈ డబ్బుతో గడపాల్సి రావచ్చు, ధరలు ఇలాగే ఉండవు.

ట్రస్టులో పెట్టిన డబ్బు వెనక్కి రాదన్నది కూడా గుర్తుంచుకోండి. రేపు ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైనా దాన్ని ముట్టుకోవడానికి లేదు. రిజిస్ట్రేషను, పాన్, విడిగా బ్యాంకు ఖాతా, ఏటా లెక్కలు, రిటర్నులు తప్పవు. పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు చేయించి, సాధారణంగా ఆదాయంలో 85 శాతం ఆ పనికే ఖర్చు చేయాలి. ఇద్దరు ముగ్గురు పిల్లల ఫీజుల కోసం ఇంత పెద్ద ఏర్పాటు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఆయన ట్రస్టు పెట్టకుండానే ఫీజులు కట్టారు. మీరూ అలాగే చేయవచ్చు. ప్రెస్ లెక్కలు తేలి, మీ 6 లక్షలు మీకు చేరాక మిగిలిన దాంట్లో వారసులంతా ఒప్పుకుంటే 5 లక్షలు విడిగా డిపాజిట్ చేయండి. 7 శాతం చొప్పున ఏడాదికి 35 వేలు. అందులో 25 వేలు ఫీజులకు వాడి, 10 వేలు అసలుకు కలపండి. అప్పుడు ఫీజులు పెరిగినా మీ సాయం చిన్నబోదు. స్కూలుకో కాలేజీకో మీరే నేరుగా కట్టి రసీదు తీసుకోండి. ఆయన పేరు పదిమందికీ తెలియాలనుకుంటే, ఆయన చదివిన విద్యాసంస్థ స్మారక బహుమతులకు డిపాజిట్ తీసుకుంటుందేమో అడగండి. చాలా కాలేజీలు, విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతి పాటిస్తున్నాయి.

ఇక ప్రెస్. మీ అబ్బాయి మనసు నాకు అర్థమవుతోంది. నాన్న కూర్చున్న కుర్చీ ఖాళీగా చూడలేకపోతున్నాడు. కానీ చిన్న వ్యాపారాల్లో లాభమని మనం అనుకునేది చాలాసార్లు యజమాని జీతమే. ఆయన పొద్దున్నుంచి రాత్రి దాకా చేసిన పనికి ఖాతాలో ఎక్కడా ఖర్చు రాసి ఉండరు. గత మూడేళ్ల లాభం తీసుకోండి. ఆర్డర్లు తెచ్చి, పని చూసి, బాకీలు వసూలు చేసే మేనేజరుకు ఎంత జీతం ఇవ్వాల్సి వస్తుందో అందులోంచి తీసేయండి. ఇంకా గణనీయంగా మిగిలితే అది ఒక వ్యాపారం, బాబుకు దానిలో భవిష్యత్తు ఉంది. ఏమీ మిగలకపోతే ఆ ప్రెస్సును నిలబెట్టింది ఆయన శ్రమ, ఆయన పరిచయాలు. ఆ కస్టమర్లు ఆయన కోసం వచ్చినవాళ్లు. కొడుకు కోసం కూడా వస్తారో లేదో కొన్ని నెలలు చూస్తే గానీ చెప్పలేం. అందుకని బాబు ఉద్యోగం మానకుండా, ప్రెస్‌లో అన్నీ తెలిసిన సీనియర్ పనివాడికి బాధ్యత, దానికి తగిన జీతం ఇచ్చి ఆరు నెలలు నడిపి చూడమంటాను. ఆ తర్వాత బాబు దిగదలిస్తే అప్పు తన పేరునే తీసుకోవాలి. మీ హామీ గానీ ఇల్లు గానీ అందులోకి రాకూడదు. ఈ మాట మీరే అతనికి చెప్పాలి, కష్టంగా ఉన్నా చెప్పాలి.

నడిపినా ఆపినా జీఎస్టీ పని మాత్రం ఆగకూడదు. ప్రెస్ ఆయన సొంత యాజమాన్య సంస్థ కాబట్టి, ఆయన జీఎస్టీ నంబరు మీద బిల్లులు ఇప్పటికీ వేస్తుంటే వెంటనే ఆపండి. వ్యాపారం కొనసాగించే వారసుడు కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పాత ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీకి దక్కే జమను) ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఆయన రిజిస్ట్రేషన్ రద్దుకు వారసులే దరఖాస్తు చేయాలి. ఆర్థిక సంవత్సరం మొదలు నుంచి ఆయన పోయిన రోజు వరకు వచ్చిన ఆదాయానికి ఆదాయపు పన్ను రిటర్ను కూడా వారసుల్లో ఒకరు ప్రతినిధిగా నమోదై వేయాలి.

రావలసిన 11 లక్షలకు ఈ నెలలోనే కదలండి. ప్రతి కస్టమరుకు బాకీ ఎంతో రాసి, ఔనని సంతకం తీసుకోండి. ఆయన మీద గౌరవం ఉన్నవాళ్లు ఇప్పుడు ఇస్తారు, ఏడాది గడిచాక అడగడం మీకే ఇబ్బంది. బాకీల దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు. వచ్చిన దాంతో పేపరు సప్లయర్లకు, పనివాళ్లకు ఇవ్వాల్సింది పైసాతో సహా ఇచ్చేయండి. మార్కెట్లో ఆయన మాట మీదే అరువు నడిచింది కాబట్టి, ట్రస్టు బోర్డు కన్నా ఈ బాకీలు తీరడమే ఆయన పేరును ఎక్కువ నిలబెడుతుందని నమ్ముతున్నాను.

మీ 42 లక్షల గురించి క్లుప్తంగా. తొందరపడకండి. పెద్ద మొత్తం వచ్చిందని తెలిస్తే పాలసీలు అమ్మేవాళ్లు, చేబదులు అడిగేవాళ్లు వస్తారు. ఆరు నెలల దాకా ఏ నిర్ణయమూ తీసుకోనని అందరికీ ఒకటే మాట చెప్పండి. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల వరకే, కాబట్టి డబ్బును ఒకేచోట కాకుండా వేర్వేరు బ్యాంకుల్లో పెట్టండి. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో మీ ఒక్కరి పేరున 9 లక్షల దాకా పెట్టవచ్చు. 60 నిండాక సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. కుటుంబ ఆరోగ్య బీమా ఆయన పేరుతో ఉంటే, రెన్యువల్ గడువు దాటకముందే మీ పేరుకు మార్పించండి. మీ వీలునామా కూడా ఈ ఏడాదే రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

వచ్చే వారం ఆడిటర్ దగ్గరకు అబ్బాయిని, అమ్మాయిని ఇద్దరినీ తీసుకెళ్లండి. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మూడేళ్ల రిటర్నులు, క్యాష్ క్రెడిట్ స్టేట్‌మెంట్, ఆయన చేతిరాత ఖాతా పుస్తకాలు వెంట ఉండాలి. ఆ పుస్తకాల్లో ఫీజుల కింద రాసుకున్నవి కనిపిస్తే ఆ పిల్లల పేర్లు విడిగా రాసి పెట్టుకోండి, వాళ్లలో ఇంకా చదువుతున్నవాళ్లు ఉండవచ్చు.