డ్రైడాక్‌లో ఉన్న ఓడ దిగి ఊళ్లోకి వెళ్లే అల్లుడికి

అల్లుడూ, ఆశీస్సులు.

ఓడ డ్రైడాక్‌కి (నీళ్లు తోడేసి ఓడ అడుగుభాగం బాగుచేసే చోటికి) వెళ్తోందని, అన్ని రోజులూ ఒకే ఊళ్లో ఉంటుంది కాబట్టి తీరిగ్గా తిరిగి రావచ్చని రాశావు. అందులో సగమే నిజం. మామూలు పోర్టులో సరుకు దింపేలోపు దొరికే మూడు నాలుగు గంటలతో చూస్తే ఇక్కడ రోజులు ఎక్కువే. కానీ డాక్‌లో పని అన్ని రోజులూ ఒకేలా ఉండదు. ఏ రోజు అడిగితే చీఫ్ ఆఫీసర్ సరే అంటాడో, ఏ రోజు అడిగితే చిరాకు పడతాడో తెలుసుకుని అడిగినవాడికే షోర్‌లీవ్, అంటే ఓడ దిగి ఒడ్డుకి వెళ్లే సెలవు, దొరుకుతుంది. తెలియనివాడికి రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే డాక్‌లోకి నీళ్లు వదిలేస్తారు.

మొదటి రెండు రోజులు అడగకు. ఓడ కీల్ బ్లాకుల (డాక్ నేల మీద ఓడని మోసే దిమ్మల) మీద కూర్చుని, డాక్‌లో నీళ్లు తోడేశాక అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. సీ చెస్టుల (సముద్రపు నీళ్లు ఓడలోకి తీసుకునే పెట్టెల) జాలీలు విప్పుతారు. ట్యాంకుల అడుగు ప్లగ్గులు తీస్తారు. లంగరు గొలుసులు కిందికి దించి డాక్ నేల మీద పరుస్తారు. ఒడ్డు నుంచి కరెంటు, ఫైర్ మెయిన్‌కి (మంటలార్పే నీళ్ల గొట్టానికి) నీళ్లు కలుపుతారు. క్లాస్ సర్వేయర్ (ఓడ సరిగ్గా ఉందని ధ్రువీకరించే సంస్థ మనిషి) ఓడ అడుగుభాగం చూడటానికి వచ్చేదీ అప్పుడే. కార్గో ఓడ అడుగుభాగాన్ని ప్రతి 5 ఏళ్లలో కనీసం 2 సార్లు తనిఖీ చేయించాలి, రెండింటి మధ్య 36 నెలలు దాటకూడదు. అంత అరుదుగా దొరికే అవకాశం కాబట్టి కంపెనీ ఉన్న పనంతా ఆ కొద్ది రోజుల్లోనే కుక్కేస్తుంది. యార్డుకి రోజుల లెక్కన అద్దె కడుతున్నవాళ్లు నీ సరదా కోసం పని ఆపరు.

చివరి రెండు రోజులు అసలే అడగకు. సీ వాల్వులన్నీ బిగించాలి, ప్లగ్గులన్నీ తిరిగి పెట్టాలి, ట్యాంకుల్లో నీళ్లూ నూనే ఓడ డాక్‌లోకి వచ్చినప్పటి లెక్కకి దగ్గరగా ఉండాలి. లేకపోతే బ్లాకుల మీంచి తేలేటప్పుడు ఓడ ఒక పక్కకి ఒరుగుతుంది. డాక్‌లోకి నీళ్లు వదిలి, సీ చెస్టులు మునిగే దాకా వచ్చాక ఆపి, ప్రతి వాల్వు దగ్గరా, స్టెర్న్ ట్యూబ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే గొట్టం) దగ్గరా మనుషులు నిలబడి కారుతోందేమో చూస్తారు. ఆ పూట అందరూ ఓడ మీదే ఉండాలి. పైగా చాలా డాకుల్లో ఓడ బయటికి తీసే సమయం సముద్రపు పోటుని బట్టి ఉంటుంది. పోటు వేళ అర్ధరాత్రి రెండింటికైతే పని అర్ధరాత్రి రెండింటికే. సాయంత్రం ఊళ్లోకి పోయి పొద్దున వద్దాంలే అనుకుంటే ఓడ ఆ చోట ఉండదు.

ఇక మిగిలింది మధ్య కాలం. డెక్ వాళ్లకి అదే మంచి సమయం. ఓడ అడుగుభాగం గీకి, బ్లాస్టింగ్ చేసి (గట్టి రేణువులు వేగంగా కొట్టి తుప్పు వదలగొట్టి), రంగు వేసే పని యార్డు మనుషులది. నీ వంతు ఫైర్ వాచ్ (నిప్పు కాపలా), గ్యాంగ్‌వే వాచ్ (ఓడెక్కే మెట్ల దగ్గర కాపలా), గొలుసుల లెక్క, చిన్నా చితకా డెక్ పనులు. ఒక కిటుకు చెప్తా, గుర్తుపెట్టుకో. రంగు వేయాలంటే ఇనుము వేడి, గాలిలో తేమ మంచుగా మారే స్థాయి కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. లేకపోతే కంటికి కనపడని తడి మీద రంగు పడి, తర్వాత పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే వానొచ్చినా, గాలిలో తేమ పెరిగినా పెయింట్ ఇన్‌స్పెక్టర్ స్ప్రే ఆపేస్తాడు. రంగుతో ముడిపడిన మీ పనులూ ఆగుతాయి. పొద్దున్నే ముసురు పట్టిందంటే బోసన్ (డెక్ మనుషుల మేస్త్రీ) దగ్గరికి వెళ్లి సాయంత్రానికి అడుగు. ముసురు రోజున ఊళ్లో ఏముంటుందిలే అనుకునేవాళ్లే ఎక్కువ, పోటీ తక్కువ. ఇంజన్ రూమ్ వాళ్ల కథ వేరు. వాళ్లకి మధ్య రోజుల్లోనే అసలు పని: వాల్వులు విప్పడం, షాఫ్ట్ సీళ్లు, కూలర్లు. నీ స్నేహితుడు ఆయిలర్ (ఇంజన్ రూమ్ పనివాడు) అయితే అతనితో కలిసి వెళ్లాలని పట్టుబట్టకు, ఇద్దరికీ దొరకదు.

షోర్‌లీవ్ దయాధర్మం కాదు. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2006 (నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఆరోగ్యం కోసం, మనసు కుదుట పడటం కోసం, డ్యూటీకి అడ్డు రాకుండా నావికుడికి షోర్‌లీవ్ ఇవ్వాలి. విశ్రాంతి గంటల లెక్క వేరే: ఏ 24 గంటల్లోనైనా 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు తగ్గకూడదు. ఆ 10 గంటలు రెండు ముక్కలకి మించకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. నువ్వు ఊళ్లో గడిపిన సమయం కూడా కాగితం మీద విశ్రాంతి కిందే పడుతుంది. రాత్రంతా తిరిగొచ్చి పొద్దున ఏడింటికి ట్యాంకులోకి దిగితే రికార్డు నిన్ను తాజా మనిషి అంటుంది, ఒళ్లు మాత్రం ఒప్పుకోదు. దిగిన మొదటిసారి ఎక్కడికీ తిరక్కుండా మంచి స్నానం చేసి హాయిగా నిద్రపోయినా నేను మెచ్చుకుంటాను. డాక్‌లో ఏసీ ఉండదు, సముద్రపు నీళ్లు లేక కూలింగ్ ఉండదు, బయటికి వదలడానికి లేదు కాబట్టి చాలా చోట్ల ఓడలో మరుగుదొడ్లు మూసేసి డాక్ పక్కనున్నవే వాడమంటారు, రాత్రింబవళ్లు బ్లాస్టింగ్ మోత. నిద్ర ఎంత బాకీ పడిందో నీకే తెలియదు.

దిగే ముందు జేబులు తడుముకో. నవ్వకు. మూరింగ్ వించ్ (ఓడని కట్టే తాళ్లు లాగే యంత్రం) మీద పని చేస్తూ, ఎవరూ నడపకుండా దాని బ్రేకర్‌కి నీ పేరున్న ట్యాగ్, నీ తాళం వేశావనుకో, తాళంచెవి నీ ప్యాంటు జేబులోనే ఉండిపోతుంది. నువ్వు ఊళ్లో ఉంటే ఆ వించ్ ఎవరూ తిప్పలేరు. తిప్పాలంటే నిన్ను వెతకాలి, దొరక్కపోతే అధికారి చేత తాళం కోయించి కాగితాలు రాయాలి. అదే విధంగా అడుగు ప్లగ్గులు నీ చేతికిచ్చి ఉంటే, నంబర్ల ప్రకారం లెక్కపెట్టి చీఫ్ ఆఫీసర్‌కి అప్పగించి సంతకం చేయించుకో. నీ ఫైర్ వాచ్ ఎవరు తీసుకుంటున్నారో నోటిమాటగా కాదు, వాచ్ పట్టికలో పేరు మార్పించి వెళ్లు. వెల్డింగ్ ఆగిపోయాక కూడా ఆ చోట కొంతసేపు మనిషి కాపలా ఉండాలి, నిప్పు లేచేది తరచుగా అప్పుడే.

గ్యాంగ్‌వే దగ్గర బోర్డు మీద నీ పేరు పక్కన బిళ్లని "ఒడ్డున" వైపు తిప్పు. ఇది మర్చిపోతే జరిగే నష్టం చిన్నది కాదు. డాక్‌లో ఓడకి నిప్పంటుకుంటే పరిస్థితి సముద్రంలో కంటే అధ్వానం. ఓడ సొంత పంపులు నడవవు, లోపల మనుషులున్నారని ఇంజన్ రూమ్‌లో మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ వ్యవస్థని తరచుగా పని చేయకుండా బిగించి ఉంచుతారు. బోర్డు నువ్వు ఓడ మీదే ఉన్నావంటే నీకోసం ఎవరో ఒకరు పొగలోకి వెళ్తారు.

క్యాబిన్ పోర్ట్‌హోల్ మూసి, తలుపు తాళం వేసి వెళ్లు. రోజూ వందల మంది కాంట్రాక్టు మనుషులు ఓడంతా తిరుగుతుంటారు. బ్లాస్టింగ్ దుమ్ము తెరిచిన కిటికీలోంచి పక్క మీదికీ, ల్యాప్‌టాప్‌లోకీ వస్తుంది. దాన్ని తడిగుడ్డతో తుడవకు, ముందు వాక్యూమ్ పెట్టు, లేకపోతే గీతలు పడతాయి.

కాగితాల సంగతి ఏజెంటుని (ఆ రేవులో కంపెనీ తరఫు మనిషిని) రెండు రోజుల ముందే అడగమని మాస్టర్‌కి, అంటే కెప్టెన్‌కి, గుర్తు చేయించు. దేశానికో పద్ధతి. కొన్ని చోట్ల షోర్‌పాస్ (నావికుడు ఒడ్డుకి దిగడానికిచ్చే అనుమతి చీటీ) చాలు, కొన్ని చోట్ల వీసా లేకుండా గ్యాంగ్‌వే దాటనివ్వరు. అమెరికాలో క్రూ వీసా, ఆస్ట్రేలియాలో మారిటైమ్ క్రూ వీసా ముందే ఉండాలి, అక్కడికి చేరాక పుట్టించలేవు. షోర్‌పాస్ మీద ఊరి పేరు, తిరిగి రావాల్సిన సమయం ఉంటే ఆ ఊరు దాటడం, ఆ సమయం దాటడం రెండూ ఇమిగ్రేషన్ నేరాలే. నీతోపాటు ఓడ యజమానికీ జరిమానా పడొచ్చు. షోర్‌పాస్, నావికుడి గుర్తింపు కార్డు అసలువి దగ్గరుంచుకో. పాస్‌పోర్టు అసలు తీసుకెళ్లాలా, నకలు చాలా అన్నది అక్కడి నియమాన్ని బట్టి ఏజెంటే చెప్పాలి. ఫోన్ సిమ్ కొనడానికి చాలా దేశాల్లో పాస్‌పోర్టు అడుగుతారు, షోర్‌పాస్ చూపిస్తే ఒప్పుకోరు. అందుకే నీ ఫోన్ ఈ-సిమ్ తీసుకునేదైతే ఓడలో ఉండగానే కొనిపెట్టుకోవడం మేలు.

ఓడ నుంచి యార్డు గేటు దాకా నడక ఊళ్లో నడక కంటే ప్రమాదం. హెల్మెట్, సేఫ్టీ బూట్లు, కళ్లద్దాలు గేటు దాకా ఉండాల్సిందే. అక్కడ పెట్టుకునే చోటుందా అని ముందే కనుక్కో, లేకపోతే హెల్మెట్ మోసుకుని తిరగాలి. మంచి చెప్పులు సంచిలో పెట్టుకుని గేటు దగ్గర మార్చుకో. గీసిన నడకదారి మీదే నడువు. క్రేన్ కింద నుంచి, గొట్టాల మీద నుంచి దగ్గరి దారి తీయకు. డాక్ అంచున కొన్ని చోట్ల రెయిలింగ్ తీసేసి ఉంటారు, కింద లోతు మూడు నాలుగు అంతస్తులు ఉంటుంది, కింద ఉన్నది నీళ్లు కాదు, కాంక్రీటు. ఫొటోలు తీయడం చాలా యార్డుల్లో నిషేధం. పక్క డాక్‌లో యుద్ధనౌక ఉంటే ఫోన్ బయటికి కూడా తీయకు.

డబ్బు సంగతి. కావాల్సింది మాస్టర్‌కి ముందే చెప్తే ఏజెంటు చేత స్థానిక నోట్లు తెప్పిస్తాడు. నువ్వు దిగే పూట అడిగితే లేవంటాడు, తప్పు అతనిది కాదు. చిన్న నోట్లు అడుగు. సగం ఒక జేబులో, సగం వేరే చోట పెట్టు. కార్డు గీసేటప్పుడు మిషన్ మీ దేశం కరెన్సీలో తీసుకోనా అని అడిగితే వద్దను, స్థానిక కరెన్సీయే నొక్కు. మొదటిదాంట్లో మారకం రేటు వాళ్లిష్టం, అంతా నీకే నష్టం. బాండ్ స్టోర్ (ఓడలో పన్ను లేని సరుకు కొట్టు) సిగరెట్లు, సీసాలు పెట్టెల కొద్దీ ఒడ్డుకి తేవడం కస్టమ్స్ నేరం. బహుమతిగా ఇస్తానన్నా నేరమే.

ఊళ్లో నువ్వు ముందుగా వెతకాల్సింది సీమెన్స్ క్లబ్, నావికుల కోసం నడిపేది. మిషన్ టు సీఫేరర్స్, స్టెల్లా మారిస్ అనే సేవాసంస్థల వాళ్లవి చాలా పోర్టుల్లో ఉన్నాయి. వై-ఫై, సిమ్, కూర్చోడానికి చోటు దొరుకుతాయి, కొన్ని చోట్ల యార్డు గేటు దాకా ఉచితంగా వ్యాన్ పంపిస్తారు. పన్ను నొప్పి, చెవి నొప్పి, ఎప్పటినుంచో నానబెడుతున్నదేదైనా ఉంటే ఈ రోజుల్లోనే చూపించుకో. వీలైన పోర్టులో డాక్టరునో, పళ్ల డాక్టరునో కలిసే హక్కు నీకుంది, ఖర్చు ఓడది. కానీ సొంతంగా వెళ్లి బిల్లు పట్టుకురాకు. మాస్టర్‌కి చెప్పి, ఏజెంటు ద్వారా వెళ్తేనే లెక్కలోకి వస్తుంది. సగం చేసిన పంటి వైద్యంతో సముద్రంలోకి వెళ్లడం కంటే నొప్పితో వెళ్లడమే నయం కాబట్టి, ఎన్నిసార్లు రావాలో డాక్టరుని మొదటిరోజే అడుగు.

తాగొద్దని చెప్పను, లెక్క చెప్తాను. అంతర్జాతీయ హద్దు రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం, కంపెనీది చాలాసార్లు ఇంకా తక్కువ, కొన్ని యార్డుల గేటు దగ్గర సున్నా. ఒళ్లు గంటకి సుమారు 0.015 శాతం వదిలించుకుంటుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టవు. 0.10 దాకా తాగితే 0.05 కి దిగడానికే మూడు గంటల పైన, సున్నాకి దాదాపు ఏడు గంటలు. రాత్రి పన్నెండింటికి ఆపితే పొద్దున ఏడింటికి పని ముందు జరిగే టూల్‌బాక్స్ మీటింగ్‌కి అంచు మీద ఉన్నట్టు. తాగి పడి కాలు విరిగితే అది నీ సొంత తప్పని వైద్యఖర్చు దగ్గర వాదన మొదలవుతుంది.

తిరుగు ప్రయాణం. పెద్ద యార్డుకి గేట్లు చాలా ఉంటాయి, ఒకదానికొకటి కిలోమీటర్ల దూరం. టాక్సీవాడికి యార్డు పేరు చెప్తే హెడ్డాఫీసు దగ్గర దింపి వెళ్లిపోతాడు. వెళ్లేటప్పుడే గేటు బోర్డు, అక్కడి భాషలో ఉన్నది, కార్డు మీద రాయించుకో. వెనక ఓడ పేరు, డాక్ నంబరు, గ్యాంగ్‌వే ఫోను, ఏజెంటు ఫోను. ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోకు, చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే. బయల్దేరే ముందు ఓడకి ఫోన్ చేసి ఎక్కడుందో అడుగు. డాక్ ఖాళీ చేయడానికి ఓడని రిపేర్ బెర్తుకి (నీళ్లలోనే కట్టి మిగతా పని చేసే చోటికి) మార్చడం మామూలే, అది ఇంకో గేటు దగ్గర ఉండొచ్చు. ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషమే ముందు ఓడకి, తర్వాత ఏజెంటుకి చెప్పు. చెప్పిన ఆలస్యాన్ని సర్దుకుంటారు, చెప్పనిదానికి పోలీసు రిపోర్టు రాస్తారు.

ఓడెక్కాక బోర్డు మీద బిళ్ల తిప్పి, వాచ్‌లో ఉన్నవాణ్ని ఈ పూట ఏం విప్పారో అడుగు. నువ్వు వెళ్లేటప్పుడు మూసున్న మ్యాన్‌హోల్ ఇప్పుడు తెరిచి ఉండొచ్చు, నువ్వు నడిచిన గ్రేటింగ్ తీసేసి పైన గోనె పట్టా పరిచి ఉండొచ్చు, దీపాలు వేరే చోటికి మార్చి ఉండొచ్చు. చెప్పుల్తో, చీకట్లో, దగ్గరి దారిలో క్యాబిన్‌కి వెళ్లకు. టార్చి గ్యాంగ్‌వే దగ్గరే అడిగి తీసుకో.

ఇట్లు,
నీ మామయ్య