ఝాలావాడ్: ఫైలులో పుట్టిన రాజ్యం

"చిన్న రాజపుత్ర సంస్థానాలు బ్రిటిష్ వాళ్ళ కింద కూడా స్వతంత్రంగానే ఉండేవట కదా?" అని అడిగారు. లేదండీ. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు, రాజస్థాన్‌లో ఝాలావాడ్ దగ్గర థర్మల్ ప్లాంటు పనిలో రెండేళ్ళు ఉన్నాను, అంతే. కానీ అక్కడి భవానీ మండీ స్టేషన్‌లో ఒక్కసారి టికెట్ లైన్లో నిలబడితే మీరూ నా మాటే అంటారు.

సంక్రాంతికి ఇంటికి రావాలని టికెట్ కోసం వెళ్ళాను. నా ముందు ఒక పెద్దాయన, కాళ్ళ మధ్య నారింజ పళ్ళ సంచి. "మనం నిలబడింది రాజస్థాన్, టికెట్ కొట్టేవాడు కూర్చుంది మధ్యప్రదేశ్" అన్నాడు. వేళాకోళం అనుకున్నా. నిజమే, రాష్ట్రాల సరిహద్దు స్టేషన్ మధ్యలోంచే పోతుంది. ఒకప్పుడు ఇటు ఝాలావాడ్ రాజుది, అటు ఇండోర్‌ని ఏలిన హోల్కర్లది.

ఈ ఝాలావాడ్ ఎవరో కత్తి పట్టి గెలుచుకున్న రాజ్యం కాదు. కోటా సంస్థానంలో జాలిం సింగ్ ఝాలా అని ఒక దివాను. రాజు పేరుకే, పెత్తనమంతా ఈయనదే. 1817లో ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం అయింది. మరుసటి ఏడాదే దానికి ఇంకో షరతు తగిలించారు: గద్దె రాజు వంశానికి, పాలన దివాను వంశానికి. ఒకే ఇంటికి ఇద్దరు యజమానులైతే ఏమవుతుంది? 1821లో మాంగ్రోల్ దగ్గర రాజుకీ దివానుకీ యుద్ధమే జరిగింది. కంపెనీ సైన్యం దివాను పక్కన నిలబడింది. ఆ తగువు తెగక 1838లో కోటా నుంచి 17 పరగణాలు, అంటే మన తాలూకాల్లాంటివి, విడదీసి దివాను మనవడు మదన్ సింగ్‌కి రాసిచ్చారు. కంపెనీకి ఏటా 80 వేల రూపాయల కప్పం. అదీ ఝాలావాడ్!

యూట్యూబ్‌లో మాత్రం రాజపుత్రులంటే మీసం, కత్తి, ఉదయపూర్ హోటల్లో పెళ్ళి. ఈ పంపకాల గోల ఎవరికీ పట్టదు.

ఇచ్చిన బ్రిటిష్ వాళ్ళే మళ్ళీ లాక్కున్నారు కూడా. 1896లో ఝాలావాడ్ రాజు రెండో జాలిం సింగ్ పాలన బాగాలేదని గద్దె దింపి, పింఛను ఇచ్చి కాశీకి పంపేశారు. 1899లో ఆ 17 పరగణాల్లో 15 తిరిగి కోటాకే ఇచ్చేశారు. మిగిలిన ముక్కకి భవానీ సింగ్‌ని రాజుని చేశారు. మన ఊళ్ళో పొలం రిజిస్ట్రేషన్ కూడా ఇంత తేలిగ్గా రద్దు కాదు.

భవానీ సింగ్ మాత్రం నాకు నచ్చాడు. 1921లో ఝాలావాడ్‌లోని తన కోట ఆవరణలో నాటకశాల కట్టించాడు. గుర్రాలు, రథాలు కింద నుంచి నేరుగా స్టేజీ మీదకే వచ్చేలా దారి పెట్టించాడట. సురభి నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ణి, ఓ ఆదివారం ఆ ఖాళీ స్టేజీ ముందు గంటసేపు నిలబడిపోయాను. యుద్ధం చేసే వీల్లేని రాజు ఇంకేం చేస్తాడు, రథాల్ని స్టేజీ ఎక్కించాడు!

టికెట్ సంగతా? వెయిటింగ్ లిస్టే. నా మొహం చూసి పెద్దాయన సంచిలోంచి రెండు నారింజలు తీసి చేతిలో పెట్టాడు. "ఇవి ఏ రాష్ట్రానివి?" అన్నాను. "చెట్టునడుగు" అన్నాడు.