ఎలుకల మీద రీసెర్చ్ అంటున్న పాప, ఎలుకల మందు అమ్మే నాన్న

ఒడిశా కాశీనగర్ నుంచి ఒక నాన్నగారు రాశారు. కిరాణా షాపు ఉంది, ఒక్కతే కూతురు, పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆయన మాటల్లోనే పెడుతున్నా: "సార్, నీట్ రాస్తానంటే సరే అన్నాం, ఇప్పుడేమో డాక్టర్ వద్దు, ల్యాబ్‌లో ఎలుకల ఆరోగ్యం, జెనెటిక్స్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఏటి సార్ ఇది, నేను షాపులో ఎలుకల మందు అమ్ముతుంటే ఇది ఎలుకల్ని పెంచుతాదంట. మా అమ్మ జీవహింస, పాపం అని గొడవ. ఇందులో ఉద్యోగాలున్నాయా, ఎన్నేళ్ళు చదవాలి, ఎక్కడ చదవాలి, రేపు ఈ ఎలుకల పనే మానేస్తారని పేపర్లో చదివాను, నిజమేనా?"

సార్, ఉద్యోగాలున్నాయి. కానీ బ్యాంకు, టీచర్ పోస్టుల్లాగా వేలల్లో నోటిఫికేషన్లు పడవు, ఒక పెద్ద ఇన్‌స్టిట్యూట్‌కి ఒక యానిమల్ హౌస్, అంటే ప్రయోగాల జంతువుల్ని పెంచే చోటు, ఉంటుంది, అందులో ఇద్దరో ముగ్గురో వెటర్నరీ డాక్టర్లు, కొంతమంది టెక్నీషియన్లు, వాళ్ళ మీద ఆధారపడి పనిచేసే సైంటిస్టులు, అంతే. చిన్న ఫీల్డ్. చిన్న ఫీల్డ్‌లో బాగా పని తెలిసినవాళ్ళకి డిమాండ్ ఉంటుంది, అరకొరగా తెలిసినవాళ్ళకి ఏమీ ఉండదు. ఇది ముందే మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు ఆ పని ఏంటో చెప్తాను, ఎందుకంటే మీరు రాసింది చూస్తే ఎలుకల్ని కోసి చూడటమే రీసెర్చ్ అనుకుంటున్నారు, పాప చెప్తున్నది అది కాదు. ఒక మందు పనిచేస్తుందా లేదా చూడాలంటే మందు తీసుకున్న ఎలుకకీ తీసుకోని ఎలుకకీ మందు తప్ప వేరే తేడా ఉండకూడదు కదా. అందుకని అన్నాచెల్లెళ్ళ వరసలోనే 20 తరాలు జత కట్టించి, జన్యువుల్లో దాదాపు కవల పిల్లల్లా ఒకేలా ఉండే జాతులు తయారుచేశారు, వాటిని ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్స్ అంటారు. చిట్టెలుక మూడు వారాల్లో ఈనుతుంది కాబట్టి కొన్నేళ్ళలో 20 తరాలు అయిపోతాయి. నల్లగా ఉండే సి57 బ్లాక్ 6 అనే రకం ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ వాడేది, దాని మూల జాతిని 1921లో అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే ఆయన మొదలుపెట్టాడు, తర్వాత 1929లో జాక్సన్ ల్యాబొరేటరీ పెట్టింది కూడా ఆయనే. 2002లో ఎలుక జీనోమ్, అంటే దాని మొత్తం జన్యు సమాచారం, చదివి తొలి రూపం అచ్చు వేసినప్పుడు చదివింది ఈ నల్ల ఎలుకనే.

తమాషా ఇక్కడే ఉంది. జాక్సన్ ల్యాబ్ నుంచి ఈ నల్ల ఎలుకల్ని 1951లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ తీసుకెళ్ళి వేరుగా పెంచింది. రెండు చోట్లా అదే పేరు, అదే రంగు, చూస్తే ఎవరూ తేడా కనిపెట్టలేరు. కానీ తరాలు గడిచేకొద్దీ ఎవరి మందలో వాళ్ళకి చిన్న చిన్న మ్యుటేషన్లు, అంటే జీన్లలో మార్పులు, చేరిపోయాయి. జాక్సన్ వాటిలో ఎన్‌ఎన్‌టీ అనే జీన్‌లో కొంత ముక్క ఎగిరిపోయింది, షుగర్, ఇన్సులిన్ మీద పనిచేసేవాళ్ళకి అది లెక్కలోకి వస్తుంది. ఎన్‌ఐహెచ్ వాటిలో కంటి రెటీనా పాడుచేసే ఆర్‌డీ8 అనే మ్యుటేషన్ దూరింది. ఇది తెలియక కంటి జబ్బుల మీద ఎక్స్‌పెరిమెంట్ చేసినవాళ్ళు, మనం మార్చిన జీన్ వల్లే కన్ను పోయింది అని రాసుకోవచ్చు, నిజానికి ఆ కన్ను ముందునుంచే పాడు. మీ షాపులో విత్తనాలు అమ్మితే మీకు వెంటనే అర్థమవుతుంది, బస్తా మీద పేరు ఒకటే, లోపల వేరే రకం కలిసిపోతే పంట వచ్చేదాకా రైతుకి తెలీదు. ఈ కలిసిపోవడాన్ని డీఎన్ఏ టెస్టులతో పట్టుకోవడం, ఏ ఎలుకకి ఏ ఎలుకతో జత కట్టించాలో రికార్డు రాయడం, మంద శుద్ధంగా ఉంచడం, పిండాల్ని లిక్విడ్ నైట్రోజన్‌లో దాచి అవసరమైనప్పుడు మళ్ళీ ఆ జాతిని తెచ్చుకోవడం, పాప చెప్తున్న జెనెటిక్స్ అంటే ఇదంతా.

ఆరోగ్యం సంగతి దీనికన్నా పెద్దది. ఎలుక పైకి హుషారుగా తిరుగుతుంటుంది, లోపల మౌస్ హెపటైటిస్ వైరస్ ఉంటుంది, లేకపోతే పేగుల్లో సన్నటి నులిపురుగులు ఉంటాయి, ఎలుకకి ఏమీ కాదు గానీ దాని ఇమ్యూనిటీ మారిపోయి రిజల్ట్ మొత్తం తారుమారు. 1990ల మొదట్లో అమెరికా క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్ని ఎలుకలకి ఏ మందూ ఇవ్వకుండానే లివర్‌లో గడ్డలు కనబడ్డాయి, వెతికితే హెలికోబాక్టర్ హెపాటికస్ అనే కొత్త బ్యాక్టీరియా దొరికింది. అది పట్టుకోకపోతే ఏదో ఒక కెమికల్ మీద క్యాన్సర్ నేరం పడేది. అందుకని మంచి యానిమల్ హౌసుల్లో సెంటినెల్ ఎలుకలు అని కొన్నిటిని కాపలాకి పెడతారు, మిగతా బోనుల్లోంచి తీసిన మురికి పరుపు, అదే కింద పరిచే పొట్టు, కొంచెం కొంచెం వీటి బోనులో వేస్తారు, కొన్ని వారాలయ్యాక వీటి రక్తం, పేడ టెస్ట్ చేస్తే ఆ గదిలో ఏ జబ్బు తిరుగుతోందో తెలుస్తుంది. గాలి ఫిల్టర్ చేసిన బోనులు, ఆటోక్లేవ్‌లో ఆవిరితో క్రిములు చంపిన తిండి, 12 గంటలు వెలుతురు 12 గంటలు చీకటి, లోపలికి వెళ్ళేవాళ్ళు బట్టలు మార్చుకుని వెళ్ళడం. మనూళ్ళో పసిపిల్లలున్న ఇంట్లో కూడా ఇంత శుభ్రం ఉండదు, నిజం చెప్తున్నా.

ఇదంతా అమెరికా కథ అనుకోకండి. మన హైదరాబాద్ తార్నాకలో ఎన్‌ఐఎన్ ఉంది, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్ళ విస్టార్ అనే రకం ఎలుకల మందలో 1996లో తనంతట తానే ఒక లావు ఎలుక పుట్టింది. పనివాడు తిండి ఎక్కువ తిందిలే అని వదిలేసి ఉంటే అక్కడితో పోయేది, వాళ్ళు దాన్ని పట్టుకుని ఒబేసిటీ మీద రీసెర్చ్‌కి పనికొచ్చే కొత్త జాతిగా నిలబెట్టారు. ఆ లావు ఎలుకలకి పిల్లలు పుట్టవు, మరి జాతి ఎలా నిలబెడతారు అంటారా, ఆ జీన్ ఒక కాపీ మోస్తున్న మగ, ఆడ ఎలుకల్ని జత కడతారు, నాలుగింట ఒకటి లావుది వస్తుంది. మెండెల్ లెక్క, పాప ప్లస్ టూ బయాలజీలో చదివే ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి, కళ్ళు మెరుస్తూ చెప్పిందంటే మీకు సగం జవాబు దొరికినట్టే.

ఇక మీ అమ్మగారి మాట. దాన్ని కొట్టిపారేయకండి. చాలా ఎక్స్‌పెరిమెంట్ల చివర ఎలుకని నొప్పి తెలీకుండా చంపేస్తారు, దీన్ని ఎవరూ బ్రోషర్లలో రాయరు, నేను రాస్తున్నాను. ఇష్టమొచ్చినట్టు చెయ్యడానికి మాత్రం లేదు, 1960 జంతు హింస నివారణ చట్టం కింద సీసీఎస్ఈఏ అని కేంద్ర కమిటీ ఉంది, దీన్నే ఇదివరకు సీపీసీఎస్ఈఏ అనేవారు, దాని దగ్గర రిజిస్టర్ అవ్వని చోట ప్రయోగాలు చెయ్యకూడదు, ప్రతి ఇన్‌స్టిట్యూట్‌లో ఎథిక్స్ కమిటీ ఉంటుంది, అందులో వెటర్నరీ డాక్టరూ, సైంటిస్టు కాని బయటి మనిషీ ఉండాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, వేరే పద్ధతి లేదా అని అడుగుతారు. 1959 నుంచి ప్రపంచమంతా త్రీ ఆర్స్ అని చెప్పుకునేది ఇదే, వీలైతే జంతువు బదులు వేరేది వాడు, తక్కువ వాడు, బాధ తగ్గించు. ఇంత ఉన్నా చంపాల్సిన రోజు చంపాలి, తను పెంచిన ఎలుకనే. పాప అది చెయ్యగలదా? కోపంగా కాదు, ఒక సాయంత్రం కూర్చోబెట్టి మామూలుగా అడగండి. చెయ్యలేను అంటే అందులో తప్పేం లేదు, అప్పుడు జీనోమ్ డేటా, బయోఇన్ఫర్మేటిక్స్ వైపు వెళ్ళొచ్చు, అక్కడ కంప్యూటర్ తప్ప ఎలుక కనబడదు.

ఇక చదువు దారి, పాపకి ఏది ఇష్టమో దాన్ని బట్టి తేలుతుంది. జంతువు ఆరోగ్యం ఇష్టమైతే వెటర్నరీ. బీవీఎస్సీ ఐదున్నరేళ్ళు, ఇంటర్న్‌షిప్ అందులోనే, తర్వాత ఎంవీఎస్సీ రెండేళ్ళు, అందులో పాథాలజీ గానీ మైక్రోబయాలజీ గానీ జెనెటిక్స్ గానీ తీసుకోవచ్చు. పాథాలజీ, అంటే జబ్బు వల్ల అవయవాల్లో వచ్చే మార్పులు చూసే చదువు, చేసినవాళ్ళకి మందుల కంపెనీల టాక్సికాలజీ ల్యాబుల్లో, అంటే మందు విషమవుతుందా అని చూసే చోట, బాగా గిరాకీ. నా మాట అడిగితే మీలాంటి ఇంటికి ఈ దారే మంచిది, ఎందుకంటే రేపు ఎలుకలు వద్దనుకున్నా చేతిలో డాక్టర్ డిగ్రీ ఉంటుంది, ప్రభుత్వ పశువైద్యశాల ఉద్యోగం ఉంటుంది. దీనికి నీట్ కావాలి, కాబట్టి నీట్ పుస్తకాలు అటక మీద పెట్టేయొద్దని పాపకి చెప్పండి. భువనేశ్వర్‌లో ఓయూఏటీ అనే ఒడిశా వ్యవసాయ యూనివర్సిటీ వెటర్నరీ కాలేజీ ఉంది, అది కాక వెటర్నరీ కౌన్సిల్ నింపే 15 శాతం ఆల్ ఇండియా సీట్లున్నాయి. ఆంధ్రాలో గరివిడిలో కాలేజీ ఉంది కదా, దగ్గరే కదా అని మన బోర్డర్ వాళ్ళందరూ అడుగుతారు, సార్, మీరు ఒడిశా రెసిడెంట్, పాప చదువంతా ఒడిశాలో, తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రా స్టేట్ కోటాలో లోకల్ అవ్వదు. ఆ ఆశ పెట్టుకుని ఒడిశా కౌన్సిలింగ్ వదిలేసుకోకండి.

జీన్లే ఇష్టమైతే సైన్స్ దారి. మీకు బరంపురంలోనే ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 2016లో పెట్టారు, ఐదేళ్ళ బీఎస్ ఎంఎస్. దానికి ఐఏటీ అని ఎగ్జామ్, 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ తలా 15. పాప మ్యాథ్స్ తీసుకోకపోయినా రాయొచ్చు గానీ ఆ 15 ప్రశ్నలు దెబ్బ కొడతాయి, ఇప్పటినుంచే కొంచెం కూర్చోవాలి. భువనేశ్వర్‌లో అలాంటిదే నైసర్ ఉంది, దానికి నెస్ట్ ఎగ్జామ్. రెండూ రాకపోతే ఏడవక్కర్లేదు, పర్లాకిమిడిలోనో బరంపురంలోనో బీఎస్సీ జువాలజీ చేసి తర్వాత మంచి చోట ఎంఎస్సీకి ఎంట్రెన్స్ రాసుకోవచ్చు. కానీ ఈ దారిలో పీహెచ్‌డీ తప్పదు, అంటే 12వ తరగతి తర్వాత మొత్తం పదేళ్ళు వేసుకోండి. పీహెచ్‌డీ టైమ్‌లో డబ్బులు మీరు పంపక్కర్లేదు, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె అలవెన్స్. పదేళ్ళు ఆగలేని పరిస్థితి అయితే బీఎస్సీ తర్వాత యానిమల్ హౌస్ టెక్నీషియన్‌గా చేరొచ్చు, జీతం తక్కువ, పని కష్టం, ఎదుగుదల నెమ్మది, నేనైతే మొదటి ఛాయిస్‌గా చెప్పను.

పని దొరికే చోట్లు మనకి మరీ దూరం కాదు. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, హైదరాబాద్‌లో ఎన్‌ఐఎన్, కణాలు, జీన్ల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వాళ్ళ నేషనల్ యానిమల్ రిసోర్స్ ఫెసిలిటీ, అదే చుట్టుపక్కల విమ్టా లాంటి టెస్టింగ్ ల్యాబులు, ల్యాబ్ ఎలుకల్ని పెంచి అమ్మే హైలాస్కో లాంటి కంపెనీలు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు అని మన పిల్లలు ఇబ్బంది పడతారు గానీ ఈ రెండు ఊళ్ళలోనూ పని చేసుకోడానికి ఆ మూడూ అక్కరకొస్తాయి.

పేపర్లో చదివిన వార్త సగం నిజం. 2023లో మన దేశంలో కూడా రూల్స్ మార్చి, కొత్త మందుల టెస్టింగ్‌లో జంతువుల బదులు కణాల మీద, ఆర్గాన్ చిప్‌ల మీద, అంటే అవయవంలా పనిచేసేలా కణాల్ని పెంచిన చిన్న చిప్‌ల మీద, చేసిన పరీక్షలు కూడా చూపించొచ్చన్నారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఏప్రిల్‌లో యాంటీబాడీ మందులతో మొదలుపెట్టి జంతువుల టెస్టులు మెల్లగా తగ్గిస్తామంది. తగ్గుతాయి, అందులో అనుమానం లేదు, ముఖ్యంగా మామూలు టాక్సిసిటీ టెస్టులు. కానీ ఒక జీన్ తీసేస్తే శరీరం మొత్తానికి ఏమవుతుంది, గర్భంలో, ముసలితనంలో ఏమవుతుంది అనే ప్రశ్నలకి చిప్ ఇంకా జవాబు చెప్పలేదు. తక్కువ ఎలుకలతో పని జరగాలంటే ఆ ఉన్న కొన్నీ ఇంకా శుద్ధంగా ఉండాలి కాబట్టి పాప అడుగుతున్న పనికి విలువ పోతుందని నేననుకోను. అయినా కణాలు పెంచడం, డేటా చూడటం కూడా పక్కన నేర్చుకుంటూ ఉండాలి, ఎలుక ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం.

ఇంకోటి, పాపకి ఆస్తమా గానీ, దుమ్ముకి ఆగని తుమ్ములు గానీ ఉన్నాయా? ఎలుక మూత్రంలో ఉండే ప్రోటీన్ గాల్లో కలిసి ఈ పనిచేసేవాళ్ళలో చాలామందికి ఎలర్జీ తెప్పిస్తుంది, కొందరు దాని వల్లే పని మానేస్తారు. ఉంటే ఛాతీ డాక్టర్‌కి ఇప్పుడే చూపించండి, పదేళ్ళు చదివాక కాదు.

ఈ నెలలో మీరు చెయ్యాల్సింది తహసీల్దార్ ఆఫీసు పని. రెసిడెంట్ సర్టిఫికెట్ తీసుకోండి. మీరు ఒడిశాలో ఎస్ఈబీసీ, అంటే రాష్ట్రం లిస్టులో వెనకబడిన కులం, అయితే ఆ సర్టిఫికెట్ ఐసర్, నైసర్ లాంటి సెంట్రల్ వాటికి చెల్లదు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరే ఫార్మాట్‌లో కావాలి, మీ కులం సెంట్రల్ లిస్టులో ఒడిశా కింద ఉందో లేదో ముందు చూడండి, మన తెలుగు కులాలు కొన్ని ఆంధ్రా లిస్టులో ఉండి ఒడిశా లిస్టులో ఉండవు, కొన్ని వేరే పేరుతో ఉంటాయి. లేదని తేలితే జనరల్‌లోనే అప్లై చెయ్యండి, తప్పు సర్టిఫికెట్ పెడితే కౌన్సిలింగ్ రోజు సీటు పోతుంది.