అమ్మలూ, ముందు ఆ లావు పుస్తకం పక్కన పెట్టు

అమ్మలూ,

నువ్వు ఫోన్ పెట్టేసిన రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. "పెద్దమ్మా, దాని పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇంటర్లో చేరేదాకా ఖాళీయే. ఈలోగా నాలుగు మంచి పుస్తకాలు చదివించాలి, లిస్టు రాసి పంపు" అన్నావు. లిస్టు సంగతి సరే గానీ, ఆ "చదివించాలి" అన్న మాట దగ్గరే నాకు కొంచెం భయమేసింది.

ముప్ఫై ఒక్కేళ్లు శాఖా గ్రంథాలయంలో కూర్చున్నదాన్ని కదా. మా దగ్గర పిల్లల పుస్తకాలకి ఒక అర, నవలలకి రెండు బీరువాలు ఉండేవి. మధ్యలో ఏమీ లేదు. ఇంగ్లీషులో యంగ్ అడల్ట్ అని పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి విడిగా షాపుల్లో ఒక వరసే పెడతారు. మనకి ఆ అర లేదు. చందమామ వయసు దాటగానే పిల్లలు నేరుగా పెద్దవాళ్ల నవలల్లో పడిపోయేవాళ్లు. నేనూ, మీ అమ్మా అంతే. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, రాకాసిలోయ అయిపోయిన మర్నాటి నుంచి అద్దె పుస్తకాల షాపు మీద పడ్డాం. యద్దనపూడి నవల సెక్రటరీని లెక్కల పుస్తకంలో దాచి చదివి మీ తాతయ్యకి దొరికిపోయింది మీ అమ్మే, నేను కాదు. కాబట్టి నీ కూతురికి ఆ మధ్య అర మనమే సర్దాలి.

దానికి ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రోజూ వచ్చేవాడు. పిల్లల అర మొత్తం ఊడ్చేశాడు. "ఇంకేమున్నాయండీ" అనడిగాడు. నాకు ఉత్సాహం ఎక్కువై విశ్వనాథ వారి లావుపాటి వేయిపడగలు చేతిలో పెట్టాను. గొప్ప నవలే, దాన్ని నేనేమీ అనడం లేదు. నాలుగో రోజున తెచ్చి టేబుల్ మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. బజార్లో కనపడితే అప్పున్నవాడిలా తల తిప్పుకునేవాడు. ఆ పిల్లాడికి కావలసింది గొప్ప పుస్తకం కాదు, తర్వాతి పుస్తకం. అది నాకు అర్థమయ్యేసరికి వాడు మీసాలొచ్చి గల్ఫ్ వెళ్లిపోయాడు. నువ్వు కొని టీవీ పక్కన పెట్టానన్న ఆ ఆరువందల పేజీల నవల అందుకే ఇప్పుడొద్దు. అటక మీద పెట్టెయ్.

ఇంకో మాట. "అది అసలు చదవదు పెద్దమ్మా" అన్నావు. హ్యారీ పాటర్ ఏడు భాగాలూ చదివిన పిల్లని చదవదు అంటావేంటి? దానికి తెలుగు చదవడం నెమ్మది, అంతే. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు చదువుతుంటే గులకరాళ్ల మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టు ఉంటుంది. ఒక్క పేజీకే అలిసిపోతారు. అందుకని మొదటి పుస్తకం నవ్వించాలి, వేగంగా పరిగెత్తాలి.

మొదటిది బారిష్టరు పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పుస్తకం, మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిష్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు. దారిలో ఆడవాళ్ల టోపీ కొనుక్కుని పెట్టుకుంటాడు. నూరేళ్లు దాటినా ఆ నవ్వు పాతబడలేదు. ఎందుకంటే కొత్త కాలేజీలో, కొత్త ఊళ్లో, తెలియకపోయినా తెలిసినట్టు నటించే పిల్లలందరూ పార్వతీశాలే. ఇంటర్లో చేరబోయే పిల్లకి అంతకన్నా ఏం కావాలి. మొదటి భాగం చాలు. మిగతావి ఆయన చాలా ఏళ్ల తర్వాత రాశారు, ఆ ఊపు వేరు. మొదటి ఇరవై పేజీలు రాత్రి అన్నాలయ్యాక నువ్వే పైకి చదువు. సిగ్గుపడకు. మంచి చోట ఆపి "నిద్రొస్తోంది" అని లేచి వెళ్లిపో. పుస్తకం మాత్రం అక్కడే ఉంచు.

పైకి చదవడానికి ఇంకోటి కన్యాశుల్కం. మొత్తం కాదు, గిరీశం, వెంకటేశం ఉన్న రంగాలు. వెంకటేశం కూడా పరీక్షలు రాసే పిల్లాడే కదా. "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్" అనే మాటని మీ ఆయన గొంతులో వింటే మీ అమ్మాయి పడీ పడీ నవ్వుతుంది. నేనన్నానని ఆయనకి చెప్పకు.

ఇక దానికి లెక్కలంటే ప్రాణం అన్నావు కదా. దానికోసం నా దగ్గర ఒకటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్లగింజలు'. పెద్ద కథ, ఒక మధ్యాహ్నం సరిపోతుంది. శంకరప్ప అని ఒక బీద బ్రాహ్మడు. చదరంగంలో అతనికి ఎదురు లేదు, కానీ పెద్దాపురం దివాణంలో అడుగు పెట్టనిచ్చేవాళ్లు లేరు. ప్రతిభ ఉండీ గుమ్మం దగ్గర ఆగిపోవడం ఎలా ఉంటుందో ఆయన రాసినట్టు ఇంకెవరూ రాయలేదని నా అభిప్రాయం. అందులో వర్ణనలు తక్కువ, మాటలు ఎక్కువ. గోదావరి జిల్లా మాటలు, మన ఇంట్లో వినపడేవే. అందుకే తెలుగు నెమ్మదిగా చదివేవాళ్లకి కూడా సులువు.

పేరులోనే లెక్కుంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్లు. పుస్తకం ఇచ్చే ముందు దాన్నే అడుగు, మొత్తం ఎన్ని బస్తాలవుతాయని. అంచనా వెయ్యనియ్. పదో గడికి వచ్చేది 512 గింజలే, గుప్పెడు. ఇరవయ్యో గడికి 5,24,288. ముప్ఫై రెండో గడి దగ్గర, అంటే బల్ల సగంలో, ఆ ఒక్క గడికే 214 కోట్లు దాటుతుంది. మొత్తం 64 కలిపితే ఇరవై అంకెల సంఖ్య, కొన్ని ఫోన్లలో కాలిక్యులేటరు కూడా దాన్ని పూర్తిగా చూపించలేక చేతులెత్తేస్తుంది. లెక్క తేలాక కథ ఇవ్వు. ఆట ఏమైందో మాత్రం చెప్పకు.

పార్వతీశం, వడ్లగింజలు దాటితే దానికి తెలుగు పేజీ మీద భయం పోతుంది. అప్పుడు బరువైనవి ఇవ్వొచ్చు. వాటిలో నా ఓటు ఏడు తరాలుకి. అలెక్స్ హేలీ రూట్స్ నవలకి సహవాసి గారి తెలుగు. మా లైబ్రరీలో దాని అట్ట మూడుసార్లు మార్చాను. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరె అనే పల్లె. కుంటా కింటే అనే పదిహేడేళ్ల కుర్రాడు మద్దెల చేసుకోవడానికి కర్ర కోసం అడవిలోకి వెళతాడు. బానిసల వ్యాపారులు పట్టుకుపోతారు. 1767లో. మన పిల్ల కన్నా రెండేళ్లు పెద్ద, అంతే. ఓడలో జరిగేది చదవడం కష్టం. దాచకు. "మధ్యలో ఏడుపొస్తే ఆపెయ్, రేపు చదువుకోవచ్చు" అని మాత్రం చెప్పు.

అన్నా ఫ్రాంక్ డైరీ కూడా ఇవ్వు. తెలుగులోనూ ఉంది, ఇంగ్లీషులో చదువుతానంటే అలాగే చదవనియ్. పదమూడో పుట్టినరోజుకి వచ్చిన ఖాళీ పుస్తకంలో రాసింది, ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్లకు పైగా దాక్కుని. అందులో అన్నా వాళ్లమ్మ మీద రాసిన మాటలు కొన్ని ఘాటుగా ఉంటాయి. 1947లో మొదట అచ్చు వేయించినప్పుడు వాళ్ల నాన్న వాటిలో కొన్ని తీసేశాడు కూడా. మన పిల్ల ఆ పేజీల దగ్గర పెన్సిలు గీత పెడితే నువ్వు పట్టించుకోకు. పదిహేనేళ్లకి అమ్మ మీద కోపం రావడం మామూలే. నువ్వు నా దగ్గరికొచ్చి మీ అమ్మ మీద చెప్పినవి ఉత్తరంలో రాయమంటావా?

ఆడపిల్ల కాబట్టి పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' తప్పకుండా. చిన్న కథ. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. నిజానికి ఇది ముందు నువ్వు చదవాలి. తర్వాత మీ ఆయన.

యాసలు కూడా దాని చెవిన పడాలి. హైదరాబాదులో పుట్టి పెరిగింది కదా, తెలుగంటే టీవీ తెలుగే అనుకుంటుంది. ఖదీర్ బాబు దర్గామిట్ట కథలు నెల్లూరు వైపు ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడి అల్లరి, ఆకలి రెండూ. నామిని పచ్చనాకు సాక్షిగా చిత్తూరు వైపు. మొదటి రెండు పేజీలు తడబడుతుంది, తర్వాత ఆ మాటలే ఇంట్లో వాడుతుంది, చూడు. దాశరథి రంగాచార్య గారి చిల్లర దేవుళ్లు నిజాం కాలపు తెలంగాణ పల్లె. మీరుండే ఊరి చుట్టుపక్కల దొరతనం ఎలా ఉండేదో తెలుస్తుంది. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు సన్న పుస్తకం. ఒక ముసలాయన, ఈనిన పంది, చీకటి అడవి, అంతే. సస్పెన్సు కావాలనే పిల్లలకి నేను ఇచ్చేది అదే. యుద్ధాలు, గుర్రాలు కావాలంటే తెన్నేటి సూరి చెంఘిజ్ ఖాన్.

ఇంగ్లీషులో అయితే రస్కిన్ బాండ్ ది రూమ్ ఆన్ ద రూఫ్. ఆయన పదిహేడేళ్లకే రాశాడు ఆ నవల. పెద్దవాళ్లు గుర్తు చేసుకుని రాసే బాల్యానికీ దానికీ తేడా ఆ వయసు పిల్లలే ముందు పసిగడతారు.

"నవలల్లో ప్రేమలూ అవీ ఉంటాయేమో" అని నసిగావు. ఉంటాయి. ఫోన్లో అంతకన్నా ఎక్కువే ఉంటాయి, అక్కడ పక్కన శ్రీపాద వారు కూడా ఉండరు. బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది లాంటివి డిగ్రీలో అయితే బాగా అందుతాయని నా అనుభవం. అయినా అదే తీసుకుని చదువుతుంటే చేతిలోంచి లాక్కోకు.

మీ ఆడపడుచు ఇచ్చిందన్న వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మాత్రం నాకు పడవు. విజయం, లక్ష్యం, సమయపాలన. పదిహేనేళ్ల పిల్లకి కాలేజీ వాళ్లు ఎలాగూ రోజుకి పది గంటలు అదే చెబుతారు, వేసవి సెలవుల్లో కూడా ఎందుకు?

చదివాక "ఏం నేర్చుకున్నావ్" అని అడగొద్దు. కథ చెప్పమని కూడా అడగొద్దు, అది పరీక్షే. జపాను పిల్ల తొత్తోచాన్ కథ, తెలుగులో మన రైలుబడి, గుర్తుందా? బడి నుంచి వెళ్లగొట్టిన పిల్ల కొత్త బడికి వస్తే, ఆ హెడ్మాస్టరు నాలుగు గంటలు కూర్చుని అది చెప్పిందంతా విన్నాడు. ఆయన పరీక్షలా ప్రశ్నలడగలేదు. నువ్వు నాలుగు గంటలు కూర్చోలేవు, ఆఫీసుంటుంది. పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కూర్చో.

పుస్తకాలన్నీ ఒకేసారి కొనకు. ఒకటి అయ్యాక ఇంకోటి. ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాల దగ్గరికి దాన్నే తీసుకెళ్లి, చేతిలో మూడొందలు పెట్టి, నువ్వు దూరంగా టీ తాగు. చెత్త కొంటుంది. కొననియ్. మేం కొన్న చెత్త అంతా ఇంతానా? సెలవులు గడిచిపోయినా ఫరవాలేదు, డిసెంబరులో ఎలాగూ బుక్ ఫెయిర్ వస్తుంది.

రేపు ఆర్టీసీ కార్గోలో చిన్న పార్సిల్ వేస్తున్నాను. పార్వతీశం, ఏడు తరాలు, శ్రీపాద వారి కథలు. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. కథల పుస్తకం నా పాతది, వెనక పేజీలు చెదలు తినేశాయి. వడ్లగింజలు అందులో సరిగ్గా ఆట మంచి పట్టులో ఉండగా ఆగిపోతుంది. మిగతాది కావాలంటే నాకు ఫోన్ చెయ్యమను. ఎంత రాత్రయినా సరే.

మీ పెద్దమ్మ