ఉల్లిలో హార్మోన్ మందులు: ఆకు ఏపు, మెడ లావు, గడ్డ సన్నం

ప్రశ్న: ఖరీఫ్ ఉల్లి నాటి 65 రోజులైంది. ఆకు నల్లగా, ఏపుగా ఉంది. మెడ బొటనవేలంత లావైంది గానీ గడ్డ ఊరడం లేదు. దుకాణంలో లిహోసిన్ కొట్టమంటున్నారు. ఎంత మోతాదులో కొట్టాలి? (గోనెగండ్ల, కర్నూలు జిల్లా)

జవాబు: మోతాదు తర్వాత. ముందు చేలోకి వెళ్లి పది మొక్కలు పీకండి. బాగున్నవి ఏరకుండా మడికొకటి చొప్పున పీకాలి. ఒక్కోదానికి గడ్డ వెడల్పు, మెడ సన్నగా ఉన్నచోట దాని వెడల్పు స్కేలుతో కొలవండి. గడ్డ వెడల్పు మెడకు రెండింతలు దాటితే ఊరడం మొదలైనట్టే. దాటకపోతే మొక్క ఇంకా ఆకు పెంచుకునే పనిలోనే ఉంది.

ఆ తర్వాత రెండు మొక్కల్ని పై నుంచి కింది దాకా నిలువునా కోసి చూడండి. ఊరే గడ్డలో నడిమధ్య పుట్టే కొత్త పొరలకు పైన ఆకు ఉండదు. తెల్లగా, పొట్టిగా గడ్డలోనే ఆగిపోతాయి. కొత్త ఆకు పైకి రాదు కాబట్టి మెడ లోపల బోలుగా మారి, చివరికి వాలిపోతుంది. మీ మొక్కలో నడిమి నుంచి లేత ఆకు ఇంకా మెడలోంచి పైకి తోసుకొస్తుంటే ఆ మెడ వాలదు, గడ్డ ఊరదు.

ఇలా కావడానికి మన దగ్గర తరచుగా కనిపించే కారణం ఆలస్యంగా వేసిన యూరియా. నాటిన 30, 45 రోజులకు పైపాటుగా వేసే నత్రజనితో సరి. ఆ తర్వాత వేసిన ప్రతి కట్టా ఆకుకే పోతుంది. రెండో కారణం విత్తనం. రబీకి పనికొచ్చే అగ్రిఫౌండ్ లైట్ రెడ్ లాంటి రకాన్ని ఖరీఫ్‌లో వేస్తే, పగటి పొద్దు తగ్గిపోయే రోజుల్లో దానికి గడ్డ కట్టే సంకేతం సరిగా అందదు. రకం తప్పితే ఏ మందూ దిద్దలేదు.

ఇక లిహోసిన్ సంగతి. అందులో ఉండేది క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ 50 శాతం. మొక్కను సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీని ఇది అడ్డుకుంటుంది. దాంతో ఆకు సాగడం తగ్గి, ఆకు చేసిన ఆహారం కిందికి మళ్లుతుంది. కొత్తగా ఆహారాన్ని పుట్టించదు. అందుకే ఏడెనిమిది ఆరోగ్యమైన ఆకులుండి, ఊరడం మొదలైన పైరుకే ప్రయోజనం. తామర పురుగు గీకేసిన ఆకులున్న పైరుకు కొడితే, ఉన్న కాస్త పెరుగుదలా ఆగిపోతుంది.

లీటరు నీటికి 1 మి.లీ. కలిపితే 500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 500 పాళ్లు) గాఢత వస్తుంది. 20 లీటర్ల ట్యాంకుకు 20 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల ద్రావణం పట్టేట్టయితే 200 మి.లీ. నాటిన 50–60 రోజుల మధ్య ఒక్కసారి చాలు. ఉల్లాకు మీద మైనం పొర ఉంటుంది, చేమాకు మీద నీళ్లలా మందు జారి నేలపాలవుతుంది. లీటరుకు అర మి.లీ. జిగురు మందు కలపకుండా కొట్టినవారు ‘మందు పనిచేయలేదు’ అనడం మామూలే. నేల బెట్టగా ఉన్నప్పుడు, మిట్ట మధ్యాహ్నం కొట్టొద్దు. మోతాదు రెండింతలు చేస్తే గడ్డ రెండింతలు కాదు. ఆకు కొనలు పసుపెక్కి మాడతాయి.

65 రోజుల మీ పైరులో కొలత రెండింతలు దాటి ఉంటే ఒకసారి కొట్టి చూడొచ్చు. దాటకపోతే యూరియా ఆపి, తడుల మధ్య ఎడం పెంచి, పది రోజుల తర్వాత మళ్లీ కొలవండి. సీసా మీది చీటీలో ఉల్లి పేరు ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆ మందును ఉల్లికి సిఫారసు చేసినట్టు కాదు, నష్టం వస్తే అడగడమూ కష్టం.

ప్రశ్న: మా పక్క చేలవాళ్లు ఉల్లికి కల్టార్ కొడుతున్నారు. గడ్డ గట్టిగా వస్తోందంటున్నారు. ఉల్లి తర్వాత మేము శనగ వేస్తాం. కొట్టొచ్చా? (ఆలూరు)

జవాబు: వద్దు. కల్టార్‌లోని పాక్లోబ్యూట్రజోల్ మామిడి పాదుల్లో పోసే మందు. వేరు పీల్చుకున్నాక నీటితోపాటు పైకి పోతుందే తప్ప, ఆకు మీద పడింది గడ్డలోకి దిగదు. ఆకు మీద నుంచి జారి నేలలో పడినదే మళ్లీ వేరు ద్వారా పైకెక్కుతుంది. మిగిలింది నేలలోనే నెలల తరబడి నిలుస్తుంది. వెనకాల వేసిన శనగ గిడసబారితే విత్తనాన్నో తెగులునో తిట్టుకుంటాం గానీ, ఉల్లికి కొట్టిన మందు గుర్తుకు రాదు.

ఇంకో మాట. ఊదా మచ్చ తెగులుకు వాడే టెబుకొనజోల్, ప్రొపికొనజోల్ కూడా పాక్లోబ్యూట్రజోల్ లాగే ట్రయజోల్ అనే రసాయన జాతివి. వాటికీ పెరుగుదలను కొంత అణచే గుణం ఉంది. అవి కొట్టిన వారంలోనే పెరుగుదలను ఆపే మందూ కొడితే రెండు బ్రేకులు ఒకేసారి తొక్కినట్టే.

ప్రశ్న: జిబ్బరెల్లిక్ ఆమ్లం 50 పీపీఎం కొట్టాలని చదివాను. నా దగ్గరున్న సీసా మీద 0.001 శాతం అని ఉంది. ట్యాంకుకు ఎంత పోయాలి? (అలంపూర్)

జవాబు: ఆ సీసాతో 50 పీపీఎం రాదు. 0.001 శాతం అంటే లీటరు మందులో 10 మిల్లీగ్రాములు, అంటే నీళ్లు కలపకముందే అది 10 పీపీఎం. 20 లీటర్ల ట్యాంకులో 50 పీపీఎం కావాలంటే 1 గ్రాము ఆమ్లం కావాలి. ఆ ఒక్క గ్రాముకు ఈ మందు వంద లీటర్లు పట్టుకురావాలి! 40 శాతం నీట కరిగే రకమైతే 2.5 గ్రాములు, 90 శాతం పొడి అయితే 1.1 గ్రాము సరిపోతుంది. పొడి నేరుగా నీళ్లలో సరిగా కరగదు, ముందు కొద్దిపాటి ఆల్కహాల్‌లో కరిగించి ఆ తర్వాత నీళ్లలో పోయాలి. కలిపిన ద్రావణం ఆ రోజే వాడేయాలి.

అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. జిబ్బరెల్లిక్ ఆమ్లం కూడా ఒక జిబ్బరెల్లినే. అది ఆకును సాగదీస్తుంది, గడ్డ ఊరడానికి ఎదురు పనిచేస్తుంది. నారు నిలదొక్కుకోక వెనకబడితే నాటిన నెల లోపల ఆలోచించవచ్చు. ఆ తర్వాత కొడితే మొదటి ప్రశ్నలోని లావు మెడను కొని తెచ్చుకున్నట్టే. వానకాలంలో ఆకులు మెలితిరిగి, మెడ పొడుగ్గా సాగే ట్విస్టర్ తెగులు వస్తుంది కదా, అందులోనూ జిబ్బరెల్లిన్‌ను తయారుచేసే శిలీంధ్రానికి పాత్ర ఉంది. మడిలో అలాంటి మొక్కలు పది కనిపించినా ఈ మందు జోలికి పోవద్దు. మురుగు తీసి, లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ జిగురు మందుతో కలిపి కొట్టండి.

ప్రశ్న: నిల్వలో మొలకలు రాకుండా కోతకు ముందు మాలిక్ హైడ్రజైడ్ కొట్టాలని పాత పుస్తకంలో ఉంది. ఎక్కడ దొరుకుతుంది? (మైదుకూరు)

జవాబు: దొరకదు, దొరికినా కొనొద్దు. మన దేశంలో నిషేధించిన మందుల జాబితాలో అది ఉంది. కొన్ని దేశాల్లో ఇప్పటికీ వాడుతున్నారు కాబట్టి వీడియోల్లో కనిపిస్తూ ఉంటుంది. ఎగుమతికి పోయే కేపీ (కృష్ణాపురం) ఉల్లిలో అయితే క్లోర్‌మెక్వాట్ కూడా వద్దు, కొనే దేశాలవాళ్లు మందు అవశేషాలు పరీక్షిస్తారు.

నిల్వ పెట్టేది రబీ పంటనే. భీమా కిరణ్, భీమా శక్తి లాంటి రకాలు ఆగుతాయి. ఖరీఫ్ రకమైన ఎన్-53 ఏం చేసినా తొందరగా మొలకెత్తుతుంది. కోతకు 10–15 రోజుల ముందు తడి ఆపండి. సగం మెడలు వాలాక పీకి, ఒక వరుస ఆకు రెండో వరుస గడ్డలను కప్పేలా పరిచి, మూడు నుంచి ఐదు రోజులు చేలోనే ఆరనివ్వండి. తర్వాత 2–2.5 సెంటీమీటర్ల మెడ ఉంచి ఆకు కోసి, మరో వారం పది రోజులు నీడలో ఆరబెట్టండి. మెడను వేళ్ల మధ్య నలిపితే పచ్చి తగలకూడదు. లావు మెడ గడ్డలు, జంట గడ్డలు అప్పుడే ఏరి ముందుగా అమ్మేయండి.